సింహాల మధ్య పెళ్ళిచూపులు

పెళ్ళిచూపులు ఎవరికైనా ముందుగదిలో జరుగుతాయి. నావి సింహాల మధ్య జరిగాయి. అదీ అద్దాలు బిగించుకున్న కారులో కూర్చుని, ముందు పోతున్న కారుని చూస్తూ. ఇప్పటికీ ఎవరికైనా చెబితే కోతలు కోస్తున్నాననుకుంటారు.

ఎనభయ్యో దశకం మొదటి రోజులు. టెక్సాస్‌లో మాస్టర్స్ పూర్తి చేసి పిన్ని వాళ్ళింట్లో ఉంటున్నాను. పిన్ని అమ్మకి స్వయానా చెల్లెలు, బాబాయి డాక్టరు. అప్పటికే రెండు సంబంధాలు వద్దన్నానని నాన్నకి నా మీద ఒళ్ళుమంటగా ఉంది. "ఈ అబ్బాయిని చూసిన రోజే అవునో కాదో తేల్చెయ్. నాన్చావంటే టికెట్ కొనుక్కుని ఇంటికొచ్చెయ్, ఇక్కడే ఎవర్నో ఒకర్ని చూస్తాం" అని ఫోన్‌లో అరిచారు. ఆ రోజుల్లో ఇండియా ఫోనంటేనే అరుపులు. కానీ అవి లైను బాగాలేక అరిచిన అరుపులు కావు. ఆదివారం సాయంత్రం బాబాయి కాల్ బుక్ చేసి నా జవాబు నాన్నకి చెప్పాలి. అదీ ఒప్పందం.

సరిగ్గా ఆ ఆదివారమే పిల్లలిద్దరికీ సఫారీ పార్క్ చూపిస్తానని బాబాయి ఎప్పుడో మాటిచ్చి ఉన్నాడు. ఆఫ్రికా జంతువుల్ని ఆరుబయట వదిలేసి, మనుషుల్ని కార్లలో మూసిపెట్టి తిప్పే చోటు. క్యాన్సిల్ చేస్తే పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తారు. "అయితే అబ్బాయినీ అక్కడికే రమ్మందాం, కాజువల్‌గా ఉంటుంది" అన్నాడు బాబాయి, తన తెలివికి తనే మురిసిపోతూ.

"జంతువుల మధ్య పెళ్ళిచూపులా? హవ్వ!" అని పిన్ని బుగ్గలు నొక్కుకుంది. నొక్కుకుంటూనే పులిహోర కలిపింది, రవ్వకేసరి చేసింది, నా చేత పట్టుచీర కట్టించింది. జులై ఎండలో, సింహాల దగ్గరికి పట్టుచీర ఎందుకో నాకు అర్థం కాలేదు.

పార్క్ గేటు దగ్గర, ఫోన్‌లో రంగూ నంబరూ చెప్పి ఉంచిన అబ్బాయి వాళ్ళ కారు మా ముందుకొచ్చింది. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు, దిగి పలకరించుకునే వీల్లేదు. బాబాయి చెయ్యి ఊపాడు. ముందు కారులోంచి ఇద్దరు చేతులూపారు. ఒకతను స్టీరింగ్ దగ్గర, ఇంకొకతను పక్క సీట్లో.

"ఫ్రెండ్‌ని తోడు తెచ్చుకున్నట్టున్నాడు" అంది పిన్ని.

ఇద్దర్లో ఎవరు ఫ్రెండు? మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. పెళ్ళికూతురు నోరు తెరిచి "పెళ్ళికొడుకెవరు?" అని అడిగితే ఇంకేమన్నా ఉందా! ఎంత ఆత్రమో అని పిన్ని నన్ను ముసలిదాన్నయ్యేదాకా ఆటపట్టిస్తుంది. ఫొటో చూడలేదా అంటారా, చూశాను. ఒక మీసం, ఒక నల్ల ఫ్రేము కళ్ళజోడు, చెవులమీదికి దిగిన క్రాపు. ముందు కారులో రెండు మీసాలు, రెండు కళ్ళజోళ్ళు, రెండు క్రాపులు! ఆ కాలంలో మన ఇంజనీర్లందరికీ ఒకటే మొహం ఉండేది. బాబాయి కూడా ఫోన్‌లో మాట్లాడినవాడే తప్ప మనిషిని చూసినవాడు కాదు.

సరే, బుర్ర ఉపయోగించాను. పెళ్ళిచూపులకి వస్తూ కారు పక్కవాడి చేతికిచ్చి కూర్చునే మగవాడు ఎక్కడైనా ఉంటాడా? నడుపుతున్నతనే పెళ్ళికొడుకు. తేల్చేశాను.

గేటులో ఇచ్చిన క్యాసెట్ బాబాయి పెట్టాడు. ఏ జంతువు ఎక్కడుందో అందులో ఒకాయన గంభీరంగా చెబుతుంటాడు. మా కారు నెమ్మదిగా పోతోంది, ఆయన ముందే వెళ్ళిపోయాడు. కుడివైపు ఖడ్గమృగం అంటాడు, చూస్తే నిప్పుకోడి. ఎడమవైపు జీబ్రాలంటాడు, ఖాళీ గడ్డి. "డాడీ, రైనో ఎక్కడ ఉంది?" అని పిల్లలు, "మాట్లాడకుండా చూడండర్రా" అని పిన్ని, నేను మాత్రం తల వంచుకుని కనుబొమ్మల కిందనుంచి ముందు కారుని చూడడం. ఏది చూడమంటున్నారో, ఏది చూస్తున్నానో నాకే తెలియలేదు.

నడుపుతున్నతను హుషారైన మనిషి. నిప్పుకోడి అద్దం మీద టకటకా పొడిస్తే భుజాలు కదిలేలా నవ్వాడు. జిరాఫీ దారికడ్డంగా నిలబడితే వెనక్కి తిరిగి మా పిల్లలకి మెడ సాగదీసి చూపించాడు. పిల్లలు విరగబడి నవ్వారు, నేనూ నవ్వాను. పక్కనున్నతను రుమాలుతో మొహం తుడుచుకోవడం తప్ప ఏమీ చెయ్యలేదు. సింహాల దగ్గరికొచ్చేసరికి ఒక మగసింహం లేచి వాళ్ళ కారుకి ఒళ్ళు రుద్దుకుంటూ నడిచింది. పక్కనున్నతను ఒక్కసారిగా కనపడకుండా పోయాడు. సీటు కిందికి జారిపోయాడన్నమాట!

"అయ్యో పాపం, ఆ ఫ్రెండ్ పిల్లాడికి గుండె ఆగిందేమోనే" అంది పిన్ని. కారంతా ఘొల్లుమంది. ఆ పిరికి మనిషి ఫ్రెండే కదా, బతికిపోయాననుకున్నాను. నవ్వే మనిషికి అవును చెప్పేద్దాం, నాన్నకీ శాంతి, నాకూ శాంతి.

అడవి దాటాక చెట్ల కింద బల్లలున్నాయి. అందరం దిగాం. మొదటి పళ్ళెం పెళ్ళికూతురే పెళ్ళికొడుక్కి ఇవ్వాలని పిన్ని పట్టుదల. కేసరి పెట్టిన కాగితం పళ్ళెం తీసుకెళ్ళి, తల వంచుకుని, నవ్వే మనిషికి అందించాను.

అతను ఎగిరి రెండడుగులు వెనక్కేశాడు. "అయ్యయ్యో, నాక్కాదండీ! నాకు పెళ్ళయింది. మా ఆవిడ వీసా కోసం మద్రాసులో కూర్చుని ఉంది" అంటూ పక్కతన్ని ముందుకి తోశాడు.

భూమి చీలిపోయినా బావుండేది. బాబాయి దగ్గాడు. పిన్ని "కాఫీ ఫ్లాస్క్ కారులో మర్చిపోయాను" అంటూ ఫ్లాస్క్ చేత్తో పట్టుకునే కారు దగ్గరికి వెళ్ళిపోయింది. పక్కతను నా చేతిలో పళ్ళెం తీసుకుని కేసరి వంక చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. సాయంత్రం అవునో కాదో చెప్పాలి. ఎవరి గురించి చెప్పాలి? ఈ మనిషి గురించి నాకు తెలిసిందల్లా సీటు కిందికి జారడం ఒక్కటే.

చేతులు కడుక్కునే వంకన కుళాయి దగ్గరికి పోతే, అతను వెనకే వచ్చాడు.

"మీరు వాణ్ణే పెళ్ళికొడుకనుకున్నారు కదండీ?"

"కారు అతను నడుపుతున్నాడు మరి!" అన్నాను, తప్పంతా ఇతనిదే అన్నట్టు.

"కారు నాదే. సింహాల మధ్య నడపాలంటే నాకు భయమేసింది. మీతో మాట్లాడాలన్నా భయమే. వాడైతే నాలుగు జోకులేస్తాడు, కాస్త తేలిగ్గా ఉంటుందని బతిమాలి తెచ్చుకున్నాను." రుమాలుతో మొహం తుడుచుకుని, "వాడు మీకు నచ్చాడా?" అన్నాడు.

ఏం మనిషండీ! ఆ మాట ఎవరైనా అడుగుతారా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నచ్చాడు" అన్నాను.

"వాడు అందరికీ నచ్చుతాడండీ" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. "మీరసలు నన్ను చూడనే లేదు. కాదనాలన్నా ఒకసారి చూడాలి కదా."

తిరిగొస్తుంటే పిల్లలు నిద్రపోయారు. పిన్ని నా వంక చూడదు, నేను పిన్ని వంక చూడను. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. అవునంటే నేను అవుననుకున్నది ఇతన్ని కాదు. కాదందామంటే ఇతన్ని చూసిందెప్పుడు? అంతకుముందు వచ్చిన ఇద్దరూ గ్రీన్ కార్డు గురించీ, ప్రమోషన్ల గురించీ ధైర్యంగా గంటకొట్టినట్టు మాట్లాడారు. భయమని ఒక్కడూ అనలేదు. నాకు మాత్రం భయం లేదా? నాన్నంటే భయం, పిన్ని వెక్కిరింతంటే భయం. పెళ్ళికొడుకెవరని ఒక్క ముక్క అడగలేక పొద్దుటినించీ నోరు మూసుకుని కూర్చున్నాను. ఇతను తనకి భయమని నా ఎదుటే ఒప్పేసుకున్నాడు.

ఊళ్ళోకి వస్తుండగా బాబాయి అడిగాడు. "ఏమ్మా, మీ నాన్నకి ఏం చెప్పను? అవునా, కాదా?"

"ఇవాళ రెండూ కావని చెప్పు బాబాయ్. ఎంత అరిచినా సరే. వచ్చే ఆదివారం మనింటికి ఒక్కణ్ణే రమ్మను."

పిన్ని గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఎవర్నే?" అంది, పాపం తనకీ మతిపోయినట్టుంది.

"భయమేసిందన్నతన్ని" అన్నాను.