మా అవ్వను నూట యాభై మాటల్లో చంపిన వైనం

మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. కాలేజీ సీటు కోసం నేను మా అవ్వను చంపేశాను. అదీ, ఆవిడ వంటింట్లో నాకోసం చేపల పులుసు కలుపుతున్న సమయంలో.

మాది విడవలూరు దగ్గర పల్లె. ఇంటర్ కాగానే మద్రాసు దారిలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాను. "ఫీజులో రాయితీ వస్తే పో. రాకపోతే ఊళ్లో డిగ్రీనే" అన్నాడు నాన్న. ఆ రాయితీకి ఒకే ఒక్క ప్రశ్న. మీరు ఎదుర్కొన్న కష్టాన్ని నూట యాభై మాటల్లో రాయండి.

కష్టమా? నాకు తెలిసిన కష్టమల్లా పులుసు లేని ఆదివారం. దాన్ని ఎంత సాగదీసినా రెండు వాక్యాలు దాటలేదు. అందుకని తుఫాను తెప్పించాను. తుఫానులో కట్టేసిన దూడను విప్పడానికి వెళ్లిన మా అవ్వ నారాయణమ్మను ప్రాణం తీసి పడుకోబెట్టాను. ఇంటర్‌లో నేర్పినట్టే ఉపోద్ఘాతం, తుఫాను, మరణం, ముగింపు అని పక్కన శీర్షికలు పెట్టి, వాటి కింద గీతలు కూడా గీశాను.

అంతటితో ఆగితే బాగుండేది. పక్కింటి ఎస్తేరు కూడా అక్కడికే దరఖాస్తు పెడుతోంది. మా బడిలో జవాబు చూపించనివాళ్లను మనుషుల్లో లెక్కెయ్యరు. "నీది ఒకసారి ఇయ్యవా?" అంది. ఇచ్చాను. గైడులో జవాబు ఊరంతా రాసినా అందరికీ మార్కులు పడేవి కదా, ఇదీ అంతే అనుకున్నాను.

ఇద్దరినీ ఒకే రోజు ఇంటర్వ్యూకి పిలిచారు. నాన్నకు కోతలు. తోడుగా ఎవరొచ్చారో మీరు ఊహించే ఉంటారు. క్యారియరు పట్టుకుని అవ్వ బయలుదేరింది. వద్దని చెప్పడానికి కారణం నా దగ్గర ఉంది గానీ, అది బయటికి చెప్పే కారణం కాదు.

లోపల కళ్లజోడు మేడం ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది.

"ఎస్తేరూ, మీ అవ్వ పేరు కూడా నారాయణమ్మేనా?"

పేరైనా మార్చలేదు, మహాతల్లి.

"అవును మేడం" అంది ఎస్తేరు.

"ఆవిడ కూడా తుఫానులోనే పోయారా?"

"అదే తుఫాను మేడం."

"దూడ?"

"అదే దూడ మేడం."

అప్పుడు తలుపు తెరుచుకుంది. "ఏంది మే, ఎంతసేపు? అన్నం చల్లారిపోతుండాది" అంటూ అవ్వ లోపలికి వచ్చేసింది.

"మీరెవరమ్మా?" అంది మేడం.

"నారాయణమ్మను. ఈ పిల్ల అవ్వను" అంటూ నన్ను చూపించింది.

మేడం కాగితం చూసింది, అవ్వను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఎస్తేరు మెల్లగా, "మా నారాయణమ్మ వేరే మేడం" అంది.

మేడం ఆ జవాబును ఉపోద్ఘాతం నుంచి ముగింపు దాకా అవ్వకు చదివి వినిపించింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రాయితీ పోయిందన్న బాధ కన్నా అవ్వ మనసు ఏమవుతుందోనన్న భయమే ఎక్కువైంది.

అవ్వ చెంగుతో మొహం తుడుచుకుంది. "అయితే దూడ ఏమైంది?"

"రాయలేదు అవ్వా."

"నన్ను చంపిందే దాని కోసమైతే, దాని సంగతి రాయకపోతే ఎట్టా మే?"

మేడం కళ్లజోడు తీసి చాలాసేపు నవ్వింది. తర్వాత ఇద్దరికీ చెరో తెల్లకాగితం ఇచ్చి, "ఇప్పుడు నిజం రాయండి" అంది. 'నా జీవితంలో అతి పెద్ద కష్టం ఇందాక తలుపు తోసుకుని లోపలికి వచ్చింది' అని మొదలుపెట్టాను. ఈసారి శీర్షికలు పెట్టలేదు. ఎస్తేరు నా వైపు వంగింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

రాయితీ వచ్చింది. ఎస్తేరుకూ వచ్చింది, ఏం రాసిందో ఇప్పటికీ చెప్పదు.

తిరుగు బస్సులో అవ్వ నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. "ఇంకోసారి ఇట్టా రాయనని ఒట్టెయ్ మే. మళ్లీ చంపినావంటే, ఈసారి అన్నం పట్టుకుని లేచి రాను."

వేశాను. ఇప్పుడు మీ అందరి సాక్షిగా కూడా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత పెద్ద చదువు కోసమైనా, ఎన్ని మాటల్లో అడిగినా, మా ఇంట్లో ఎవరినీ చంపను. మరీ గత్యంతరం లేకపోతే, ముందు దూడను ఒడ్డున పడేసి, ఆ తర్వాతే ఆలోచిస్తాను.