మీ నాన్నకి చెప్పి రా

మా ఇంగ్లీషు మేస్టారు పోయారన్న కబురు నాకు అనకాపల్లి కోర్టు వరండాలో తెలిసింది. ఫోన్లో పాత విద్యార్థుల గ్రూపు నిండా దండాలు, పూల బొమ్మలు. వాటి మధ్యనే కాలేజీవాళ్ల ప్రకటన: సంతాప సభ పెడుతున్నాం, అందరూ రావాలి. చదవగానే ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపం దాచుకుని ఈ నాలుగు మాటలూ రాయడం నా వల్ల కాదు.

ఇంటర్‌లో ఆయన మాకు ఆర్టికల్ రాయడం నేర్పేవారు. ఉన్నత విద్య, ఉద్యోగాలు, మీరేం కావాలనుకుంటున్నారు, ఇలాంటి విషయాలే. పద్ధతి మాత్రం ఆయన సొంతం. ఇంగ్లీషులో ఒక్క ముక్క రాయకముందే ఆ సంగతి తెలుగులో, మనల్ని చదివించే మనిషికి చెప్పి రావాలి. "మీ నాన్నకి చెప్పి రా. ఆయనేం అడిగేరో అది పట్టుకుని రా" అనేవారు.

ఇడియమ్స్ అంటే ఆయనకేమీ పగ లేదు. ఆర్టికల్‌కి ఒకటి చాలనేవారు. నేనోసారి "బర్నింగ్ ద మిడ్‌నైట్ ఆయిల్" అని రాసుకెళ్తే కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, "హాస్టల్‌లో తొమ్మిదింటికే నిద్రపోతావట కదా, ఎవరి నూనె కాల్చేవమ్మా?" అన్నారు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.

మాది గొలుగొండ వైపు కొండ కింద పల్లె. నాకు లా చదవాలని ఉండేది. నాన్నేమో ఇంటర్‌తో చాలనుకుని ఉన్నాడు. సెలవుల్లో చోడిచేలో కలుపు తీస్తూ నా కోరిక చెప్పాను. నాన్న తలెత్తకుండానే, "లా సదివితే మనకేటి?" అన్నాడు. మొహం వేలాడేసుకుని ఆ మాటే మేస్టారికి చెప్తే ఆయన తెగ సంబరపడ్డారు. "ఇంకేం, మొదటి పేరా దొరికేసింది. ఆ ప్రశ్నతోనే మొదలెట్టు."

తాతల నాటి నుంచి దున్నుతున్న ఆ చేనుకి మాకు పట్టా లేదు. ఎవరైనా కాగితం చూపించి పొమ్మంటే ఎవరినడగాలో ఊళ్లో ఎవరికీ తెలియదు. జవాబుగా అదే రాశాను, నాన్నకి మళ్లీ తెలుగులో చెప్పాను. ఈసారి తలెత్తి, "సదువుకో" అన్నాడు. ఆ మాట మీదే ఇవాళ నల్లకోటు వేసుకుంటున్నాను.

అలాంటి మేస్టారిని కాలేజీ ఏం చేసింది? యాజమాన్యం మారాక ఇడియమ్స్ దట్టించిన రెడీమేడ్ ఆర్టికల్ ఒకటి అచ్చువేయించారు. డాక్టరన్న చోట ఇంజనీరని మార్చుకుంటే సరి, మార్కులు పడతాయి. దాన్ని బట్టీ పట్టించమంటే ఆయన కుదరదన్నారు. "మరి ఆ పిల్లకేం కావాలో ఎవరడుగుతారండీ?" అన్నారట. మరుసటి జూన్‌లో టైంటేబుల్‌లో ఆయన పేరు లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరూ కిమ్మనలేదు. తర్వాత ఇంటి అరుగు మీద ట్యూషన్ పెట్టారు. మార్కులు రెడీమేడ్‌కే వస్తుంటే ఆ అరుగు ఎక్కేదెవరు? నేను చూడటానికి వెళ్తే మాత్రం కుర్చీ లాగి, "మీ నాన్న ఈమధ్య ఏం అడిగేరు?" అనేవారు.

మా చేనుకి పట్టా మొన్నీమధ్యే చేతికొచ్చింది. ఆ కబురు మేస్టారికి తనే చెబుతానని నాన్న నన్ను చెప్పనివ్వలేదు. కోతలయ్యాక వద్దామనుకున్నాడు. వచ్చింది సంతాప సభకి.

వేదిక మీద పెద్ద ఫ్లెక్సీ. జీవితమంతా పొట్టిచేతుల తెల్లచొక్కాలో తిరిగిన మనిషికి ఫ్లెక్సీ షాపువాళ్లు నీలం కోటు, ఎర్ర టై అతికించారు. ఒక విద్యార్థిని మైకు ముందు ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది. రెండో వాక్యానికే గుర్తుపట్టాను, ఆ రెడీమేడ్ ఆర్టికలే. డాక్టరన్న చోట టీచరని మార్చారు. మిడ్‌నైట్ ఆయిల్ కూడా అలాగే ఉంది. పిల్లనేం అంటాం, దానికి నేర్పిందే అది. అందరూ చప్పట్లు కొట్టారు.

నాన్న నా వైపు వంగాడు. "మేస్టారి గురించి ఏటన్నాదమ్మా ఆ పిల్ల?"

చెబుదామని నోరు తెరిచాను. తెలుగులో చెప్పడానికి అందులో ఏమీ దొరకలేదు.

"ఏటీ లేదు నాన్నా" అన్నాను.

నాన్న లేచి, దండలు వేసేవాళ్ల వరుసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే ఆ కోటు, టై బొమ్మకి చేతులు జోడించాడు.

"మేస్టారూ, సేనుకి పట్టా వొచ్చీసిందండి."

వెనక నుంచి కాలేజీ మనిషి భుజం తట్టాడు. "పెద్దాయనా, ఫొటో తీసుకుంటున్నాం, కాస్త పక్కకి జరుగు."

నాన్న పక్కకి జరిగాడు. జోడించిన చేతులు మాత్రం దించలేదు.