తుమ్మకంప పెట్టిన ఇళ్లు, వందేళ్ల గీత

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక మాఘమాసంలో, సిరోంచ తాలూకాలో ఇళ్ల జాబితా తయారుచేయించే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను గణాంక విభాగంలో పరిశోధన సహాయకుణ్ణి. హోదా పేరు పెద్దది గాని, పని మాత్రం ఊళ్లు తిరిగి మనుషుల్ని లెక్కపెట్టించడమే. నా కింద నలుగురు లెక్కింపుదార్లు, పైన గడ్చిరోలిలో జిల్లా అధికారి.

మా అమ్మానాన్నలు కూలికి పోయినవాళ్లు. మా ఇంట్లో మొదటి పట్టా నాదే, అదీ అర్థశాస్త్రంలో. ఆ పట్టా అందుకున్న రోజు ఎంత సంబరపడ్డానో ఈ పని వచ్చిన రోజూ అంతే సంబరపడ్డాను. ఎందుకంటే ఈ జాబితా మామూలు దస్త్రాల కోసం కాదు. వందేళ్ల తర్వాత ప్రపంచం ఎలా ఉంటుందో అంచనా వేసే అర్థశాస్త్రవేత్తల బృందం ఒకటి, తమ లెక్క మారుమూల ఊళ్లకు కూడా సరిపోతుందా అని చూడటానికి మా తాలూకాను ఎంచుకుంది.

పని పద్ధతి సులువే. లెక్కింపుదారు ప్రతి ఇంటి ముందు నిలబడి మూడు గడుల్లో ఒకదానిలో గుర్తు పెడతాడు. మనుషులుంటే మొదటిది, తాళం ఉంటే రెండోది, ఎవరూ ఉండని ఖాళీ ఇల్లయితే మూడోది. తాళం ఇంటికి మరో రెండుసార్లు వెళ్లి తీరాలి. ఖాళీ ఇంటికి మళ్లీ వెళ్లే పని లేదు.

అంకిస దాటాక గోదావరి ఒడ్డున ఒక ఊరుంది. పేరు రాయను. నేను పుట్టి పెరిగింది ఆ దిక్కునే. చామోర్షి వైపు నుంచి మా దిక్కుకు కొత్తగా వచ్చిన లెక్కింపుదారు అక్కడ సగానికి పైగా ఇళ్లకు మూడో గుర్తు పెట్టాడు. తాళం లేదు, లోపల అలికిడి లేదు, గుమ్మానికి అడ్డంగా తుమ్మకంప ఉంది. పాడుబడ్డ ఇళ్లనుకున్నాడు. పర్యవేక్షకుడిగా నేను కొన్ని ఇళ్లను స్వయంగా చూసి సంతకం చేయాలి. చూశాను. నియమం ప్రకారం తప్పేమీ కనిపించలేదు. సంతకం చేశాను.

వానలు మొదలయ్యాక నివేదిక ముసాయిదా వచ్చింది. పాత లెక్క ఒక చుక్క, కొత్త లెక్క ఇంకో చుక్క. ఆ రెంటినీ కలిపి గీత గీస్తారు. లోకమంతటా పిల్లలు తక్కువ పుడుతున్నారు, పొలం పనులు యంత్రాలకు పోతున్నాయి. అలాంటి పోకడలతో ఆ గీతను సవరించి ముందుకు పొడిగిస్తారు. పెద్ద పెద్ద నగరాల పేర్లున్న పట్టికలో మా ఊళ్ల పేర్లు చూసి నాకు ఆనందం ఆగలేదు. ఆ కాగితాలు పట్టుకుని బండెక్కి ఆ ఊరికే వెళ్లాను.

అక్కడ వరసకు నాకు అక్కయ్యే పోసక్క నారు కట్టలు కడుతోంది. ఆమె కడగొట్టు కూతురు సుజాత అప్పుడే పదో తరగతి పాసైంది. ఊరి బడిలో పదకొండో తరగతి పెట్టమని వాళ్లు పెట్టుకున్న అర్జీ గడ్చిరోలిలో ఉంది.

"ఏంది తమ్మీ, గింత సంబరంగ వస్తున్నవ్? సర్కారు నీకు రెండో పెండ్లి జేస్తున్నదా?"

"అక్కా, మన ఊరి పేరు ప్రపంచం కాయితంల ఎక్కింది. పెద్ద సదువులోళ్లు నూరేండ్ల ముంగటి సంగతి రాసిండ్రు."

"మంచిదే. మన గురించి ఏం రాసిండ్రు మరి?"

అప్పుడు గాని పట్టికలో ఆ ఊరి వరుసను చివరిదాకా చదవలేదు.

"సుజాతకు మనుమరాండ్లు పుట్టే యాల్లకు ఈ ఊర్ల ఎవ్వరుండరట."

పోసక్క పకపకా నవ్వింది. "ఎటు పోతమట? అందరం గోదాట్ల మునుగుతమా?"

"మునుగుడు కాదక్కా. ఇప్పటికే సగం ఇండ్లు ఖాళీ అయినయట."

"ఎవలు లెక్కవెట్టిండ్రు?"

"నేనే."

"ఎప్పుడు?"

"మాఘంల."

నవ్వు ఆగిపోయింది. "మాఘంల మేమంత అవతల మిర్చి ఏరబోతిమి గదరా! కంపలు అడ్డం వెట్టి పోతిమి. నువ్వు మీ అవ్వ చంకల కూసోని మిర్చితోటలకు పోయినోనివి. మీ గడపకు కంప ఎవలు వెట్టిండ్రు, దయ్యాలా?"

మిర్చి ఏరే రోజుల్లో మా దిక్కు కుటుంబాలకు కుటుంబాలే గోదావరి దాటి తెలంగాణ తోటలకు పోతాయి. మేకలు, కుక్కలు దూరకుండా గుమ్మానికి తుమ్మకంప పెట్టి పోతారు. కంప ఉందంటే మళ్లీ వస్తామని అర్థం. అక్షరాలు రాకముందే నాకు ఆ సంగతి తెలుసు. ఫారం చేతిలో ఉన్నప్పుడు మాత్రం నా కళ్లకు గడులే కనిపించాయి.

సుజాత వెనక నుంచి అడిగింది. "మామా, మా పదకొండో తరగతి కాయితం గీ లెక్క జూసే ఆపిండ్రా?"

అవును. ముందు ముందు పిల్లలుంటారో లేదో అంచనా వచ్చాకే నిర్ణయమని ఆ అర్జీ దస్త్రం మీద రాసి ఉండగా ఆఫీసులో నేనే చూశాను. ఖాళీ అయ్యే ఊరికి కొత్త తరగతి ఇవ్వరు. తరగతి రాకపోతే ఆ పిల్ల కూడా తల్లితో మిర్చికే పోతుంది.

"రేపే గడ్చిరోలి పోతున్న" అన్నాను.

"పో. ఈసారి కండ్లు తెరిసి పో" అంది పోసక్క.

బస్సు ఆష్టి దాటేసరికి నా వివరణ రాయడం పూర్తయింది. తప్పుడు జాబితాకు సంతకం చేశానని ఒప్పుకుంటే నోటీసు వస్తుందని తెలుసు. గడ్చిరోలిలో ముసాయిదా మీద జరిగిన సమావేశంలో జిల్లా అధికారి సంతకం మీదేనా అని అడిగారు. నాదేనన్నాను. బృందం నుంచి వచ్చిన అర్థశాస్త్రవేత్త ఒక పెద్దావిడ. ఆమె కోప్పడలేదు. కంప గురించే అడిగింది. ఎవరు పోతారు, ఏ నెలలో పోతారు, పిల్లల్ని తీసుకుపోతారా అని వివరంగా రాసుకుంది. మొదటి లెక్క తప్పితే, గీత వందేళ్లు సాగేసరికి ఒక ఊరే మాయమవుతుందని అధికారికి ఆమే చెప్పింది. అంచనా వెనక్కి తీసుకుని, మళ్లీ లెక్క పెట్టమంది.

నాట్లు ముగిశాక మళ్లీ లెక్కపెట్టాం. కంప పెట్టి పోయిన ఇళ్లన్నింటిలో మనుషులున్నారు. కొత్త గీత కూడా కిందికే వంగింది. ఆ మాట దాచను. మా దగ్గరా పిల్లలు తగ్గారు, వరికోత యంత్రాలు వచ్చాయి. కానీ గీత చివర ఊరు మిగిలింది. నాకు నోటీసు వచ్చింది, ఒప్పుకుంటూ ఒక్క వాక్యంలో జవాబిచ్చాను. పదకొండో తరగతి మరుసటి ఏడాది గాని మొదలుకాలేదు. నా సంతకం వల్ల సుజాతకు ఒక ఏడాది పోయింది. తర్వాతి మాఘంలో తల్లితోపాటు మిర్చి ఏరి వచ్చి, ఆ తరగతి మొదటి బ్యాచ్‌లో చేరింది.

పోయిన వారం ఆమె బీఏ ఫలితాలు వచ్చాయి. మంచి మార్కులతో పాసైంది, అదీ అర్థశాస్త్రంలో. ఆ ఇంట్లో అది మొదటి పట్టా. ఈ కబురు నేను కలిసిన ప్రతివాళ్లకూ చెబుతున్నాను.

వందేళ్ల అంచనాలను ఇప్పటికీ నమ్ముతాను, ఇష్టంగా చదువుతాను. అయితే ముందు వాటి లెక్క ఏ నెలలో తీశారో చూస్తాను. ఇళ్ల జాబితా పనికి వెళ్లేవాళ్లు కూడా, ఊరివాళ్లు ఎప్పుడు ఇంటిపట్టున ఉంటారో అడిగి తెలుసుకున్నాకే తేదీ వేసుకోవాలి. గుమ్మానికి కంప కనిపిస్తే ఖాళీ అని రాయకూడదు. మళ్లీ వెళ్లాలి.