ఫైలుకు మేలుకొలుపు

కొవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది. బెంజ్ సర్కిల్ నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక మునిసిపాలిటీలో నేను సీనియర్ అసిస్టెంటుని. ఊరి పేరు రాయను, అక్కడివాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు. సమాచార హక్కు దరఖాస్తులకు ఫైలు వెతికి జవాబు తయారుచేయడం నా పని. దాని మీద నేను పొట్టి సంతకం పెడితే మేనేజరుగారు పూర్తి సంతకం పెట్టేవారు.

మా దరఖాస్తుదారుల్లో వీరభద్రంగారి తీరే వేరు. నేతపని చేసి చేసి కళ్లు మసకబారాక హార్మోనియం పట్టుకున్న మనిషి, వాళ్ల వీధి భజన బృందానికి పెద్ద. మేమిచ్చిన జవాబును భజన వరసలో కట్టి వీధిలో పాడేవారు. సొంతంగా ఒక్క మాట కలిపేవారు కాదు. మా ఆఫీసు భాషనే రాగం తీసి పాడితే జనం పడీపడీ నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది, ఇంటికెళ్లాక అదే పాట కూనిరాగం తీసేదాన్ని.

ఆ ఏడు ఆయన అడిగింది ఏడో వార్డు రెండో లైను మురుగుకాలువ గురించి. అది నేతగాళ్ల వీధి. అక్కడివి గుంట మగ్గాలు, నేల తవ్విన గుంటలో కాళ్లు పెట్టి నేస్తారు. కాలువ లేక, వాన పడితే మురుగంతా ఆ గుంటల్లోకే దిగేది. గుంటలో నీళ్లు నిలిస్తే నేత ఆగినట్టే.

నేను ఎం-బుక్ నకలు తీసి ఇచ్చాను. ఎం-బుక్ అంటే పని పూర్తయ్యాక ఇంజినీరు కొలతలు రాసి సంతకం చేసే పుస్తకం. అందులో ఏడో వార్డు రెండో లైనులో కాలువ కట్టినట్టు పొడవు, లోతుతో సహా ఉంది. ఆ ఆదివారమే పాట తయారైంది.

"కాలువ కట్టిరి, కొలతలు పెట్టిరి" అని ఆయన ఎత్తుకుంటే, చిడతలవాళ్లు "కట్టేశారు! కట్టేశారు!" అని అందుకున్నారట.

వారం తిరక్కుండా ఏఈ సుజాత నా బల్ల దగ్గరికొచ్చింది. ఏఈ అంటే కొలతలు రాసే ఇంజినీరే. చేతిలో, ఆ పాట విని పైవాళ్లిచ్చిన సంజాయిషీ నోటీసు.

"మేడం, నేను బండి మీద వెళ్తుంటే పిల్లలు కూడా కట్టేశారు, కట్టేశారు అంటున్నారండీ. నిజంగా కట్టిన కాలువకి దొంగనన్న పేరు తెచ్చుకున్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు."

ఫైళ్లన్నీ కిందకి దించి చూశాను. తప్పు నాదే. వార్డుల నంబర్లు మారిన సంగతి మరిచిపోయాను. జనం నోట్లో ఇంకా ఏడో వార్డుగా ఉన్న నేతవీధి మా కాగితాల్లో పదకొండోది. నేనిచ్చింది కొత్త ఏడో వార్డులోని రెండో లైనుది. అక్కడ కాలువ నిక్షేపంగా ఉంది. ఇక నేతవీధి అసలు ఫైలు మా సెక్షన్ బీరువాలోనే దొరికింది. కాలువ కట్టాలని సుజాత చేరిన కొత్తలోనే అంచనా వేసి పంపింది. ఆ కాగితాన్ని మేమెవరం ముందుకు కదపలేదు.

"సవరించిన జవాబు పోస్టులో పడేయమ్మా. ఆ రెండో ఫైలు మనల్ని అడగలేదుగా" అన్నారు మేనేజరుగారు.

పోస్టులో పడేస్తే సుజాత మీద పాట వీధిలోనే ఉంటుంది. ఆ సాయంత్రం రెండు ఫైళ్ల నకళ్లూ తీసుకుని నేనే వీరభద్రంగారింటికి వెళ్లాను. చెబుతుంటే సిగ్గుతో ఏడుపొచ్చింది.

వీరభద్రంగారు హార్మోనియం మూసి పక్కన పెట్టారు. "కాగితం నమ్మి ఆడపిల్లని అల్లరిపెట్టానమ్మా. పాడినచోటే దిద్దుకోవాలి. ఆ అమ్మాయిని రమ్మను" అన్నారు. తర్వాత రెండో నకలు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి ముసిముసిగా నవ్వారు. "ఇది మీ ఆఫీసు మీదకే వస్తదే! పాడమంటావా?"

"పాడండి బాబాయిగారూ" అన్నాను.

ఆదివారం సుజాత ఎదుటే ఆ వీధిలో తమ తప్పు తామే పాడుకున్నారు. సోమవారం ఆఫీసు తెరిచే వేళకి బృందమంతా మా మెట్ల మీద కూర్చుని, ఈసారికి సొంత మాటలతోనే మేలుకొలుపు అందుకుంది. "మేలుకోవే ఫైలుతల్లీ, పొద్దు పొడిచి ఏడాదాయె." లోపలున్న అటెండరు కూడా బల్ల మీద తాళం వేశాడు. మేనేజరుగారు నాతో పదిరోజులు మాట్లాడలేదు. ఫైలు మాత్రం ఆ వారమే కదిలింది, మళ్లీ వానలకి ముందే కాలువ పూర్తయింది.

అలవాటు ప్రకారం ఆయన ఎం-బుక్ నకలు అడిగారు. ఇచ్చాను. టేపు పట్టుకెళ్లి, సుజాతని పక్కన నిలబెట్టుకుని ప్రతి కొలతా సరిచూశారు. మర్నాడు మొహం వేలాడేసుకుని వచ్చారు.

"ఇదేం జవాబమ్మా? ఇందులో పాడుకోడానికి ఒక్క ముక్క లేదు!"

నా ఉద్యోగంలో అంతకు మించిన మెప్పు నాకెవరూ ఇవ్వలేదు. ఇప్పటికీ పొట్టి సంతకం పెట్టేముందు నేను చూసుకునేది ఒక్కటే, దీంట్లో వీరభద్రంగారికి పాట ఏమైనా మిగిలిందా అని.