ముందు ఎవరి రక్తం?

2022, మిరపకాయల కోతల కాలం. ప్రత్తిపాడు దగ్గర ఒక ఆసుపత్రిలో ఐసీటీసీ కౌన్సెలర్‌ని. అంటే హెచ్ఐవీ పరీక్షకు ముందూ తర్వాతా జనంతో మాట్లాడే మనిషిని. మా గదిలో మిరప ఘాటు కంటే ముందు అసూయ ఘాటు తగులుతుందంటే నర్సులు నవ్వుతారు. నాకు తెలియని ఘాటా? మా ఆయన ఫోను మోగితే పోపు మాడ్చుకునేదాన్ని.

ఇది జరిగిందే, పేర్లు మాత్రం మార్చాను. రత్నకుమారి పసివాడికి టీకా వేయించి, నేరుగా నా గదిలోకి వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో ఆమెకు ఏమీ లేదు. కాన్పుకి చీరాలలో పుట్టింటికి వెళ్లి, ఈమధ్యే తిరిగొచ్చింది. భర్త ప్రసాదు మిర్చి లారీ డ్రైవరు.

"మా ఆయనకి టెస్టు చెయ్యండి మేడం. నేను లేనప్పుడు ఏం వెలగబెట్టాడో తేలిపోవాలి."

"అది దొంగని పట్టే కుక్క కాదమ్మా," అన్నాను. నెగెటివ్ వచ్చినంత మాత్రాన బుద్ధిమంతుడని కాదు. పాజిటివ్ వచ్చినా ఎప్పుడు, ఎలా అంటుకుందో అది చెప్పదు. పెళ్లికి ముందుదీ కావచ్చు. నా భయం వేరు. పాలిచ్చే రోజుల్లో తల్లికి కొత్తగా సోకితే ఒంట్లో వైరస్ ఉధృతంగా ఉంటుంది, పాల ద్వారా బిడ్డకు చేరే ప్రమాదం ఎక్కువ. పాత రిపోర్టు అప్పుడు అక్కరకు రాదు. అందుకే ఇద్దరూ చేయించుకోవాలని చెప్పి పంపాను.

మర్నాడు ప్రసాదును వెంటబెట్టుకొచ్చింది. అతను కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ముందు ఆవిడకి చెయ్యండి. చీరాలలో వాళ్ల బావ రోజూ వచ్చేవాడంట."

"పాల ప్యాకెట్లు ఇవ్వటానికయ్యా."

"అన్ని పాలు ఎవరు తాగారు?"

ఎవరి రక్తం ముందు తీయాలన్న తగువు వరండా దాకా వినిపించింది. ల్యాబులో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకేసారి తీయించాను. ఫలితం మాత్రం ఎవరిది వాళ్లకే విడిగా చెప్పాలి, అది నిబంధన.

ఆమెకు నెగెటివ్. అతనికి పాజిటివ్.

"ఆవిడకి చెప్పకండి మేడం. వెళ్లిపోద్ది."

"నువ్వు ఒప్పుకోకుండా చెప్పను. కానీ ప్రసాదూ, నీ కొడుకు ఆ పాలే తాగుతున్నాడు."

తలుపు దాకా వెళ్లి తనే భార్యను లోపలికి పిలిచి చెప్పాడు.

"ఎవతయ్యా అది?" అంది రత్న.

"ఆ పేరు తర్వాత అడుగుదువుగానిలే. ముందు పిల్లాడి సంగతి అడుగు," అన్నాను.

ఒళ్లో నిద్రపోతున్న వాడి వంక చూసుకుంది. "నా పాలు మానెయ్యాలా?"

డాక్టరుగారు చూసి మానక్కర్లేదన్నారు. ప్రసాదుకు ఏఆర్‌టీ, అంటే వైరస్‌ను అణచిపెట్టే రోజువారీ మాత్రలు. ఆమెకు సోకకుండా ముందుజాగ్రత్త మందు, ఇద్దరికీ కండోమ్ తప్పనిసరి. విండో పీరియడ్ అని ఒకటుంది, సోకినా పరీక్షకు దొరకని తొలి రోజులు. అందుకని పాలిచ్చినన్నాళ్లూ ఆమెకు మళ్లీ మళ్లీ పరీక్ష.

ప్రతిసారీ నెగెటివ్. పిల్లాడు ఇప్పుడు మా వరండాలో పరుగులు పెడుతున్నాడు.

రత్న అనుమానం మాత్రం పోలేదు. లారీ ఎక్కడున్నా మాత్ర వేళకు వీడియో కాల్ చేస్తుంది. మింగాక నోరు తెరిచి చూపించాలి, ఆపైన పక్క సీటు కూడా చూపించాలి. అంత పద్ధతిగా మాత్ర వేసుకునే డ్రైవరు ఈ జిల్లాలో ఇంకొకడు లేడు. ఇదీ నేను కల్పించింది కాదు.

అసూయను మాన్పించడం నా పని కాదని ఆ కేసులో నేర్చుకున్నాను. దాన్ని మాత్ర వేళకు కట్టేస్తే చాలు. మా ఆయన బీపీ మాత్రకు కూడా ఇప్పుడు అదే పద్ధతి.