నలుగురు సుక్రలు

ఏం అడిగినా ఆయన కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటూ "అయిపోద్ది మాస్టారూ" అనేవాడు. ఆ మాట వింటే నాకు గుబులు మొదలయ్యేది. అరకులో మా కాఫీ రైతుల సంఘానికి వెబ్‌సైటు చేయడానికి, విశాఖపట్నంలో సొంతంగా పనిచేసుకునే ఆ ప్రోగ్రామర్‌ను కుదిర్చింది సంఘం లెక్కలు రాసే నేనే.

ఆ రోజు సాయంత్రం ఆరింటికల్లా రైతుల జాబితా కొనుగోలుదారుకి చేరాలి. అందులో పేరు లేనివాళ్ల కాఫీ పళ్లు ఈ పంటకు తీసుకోరు. నా పుస్తకంలో ఉన్నది రెండు వందల పన్నెండు మంది. నాలుగింటికి, మా సంఘం ఆఫీసుకొచ్చి కూర్చున్న ఆయన ల్యాప్‌టాప్ తెర మీద నూట తొంభై ఒక్కరే కనిపించారు.

"ఒకే ఊళ్లో ఒకే పేరు మళ్లీ వస్తే, మీరు పొరపాటున ఎక్కించారనుకుని తీసేసేలా రాశానండి" అన్నాడు.

మా కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. శుక్రవారం పుట్టిన సుక్రలు ఒక్క ఊళ్లోనే నలుగురు, ఇంటిపేరూ ఒకటే. తల్లి పేరుతో వాళ్లను గుర్తుపడతాం. ఆ పేర్లు నా పుస్తకంలో ఉన్నాయి, ఆయనకిచ్చిన జాబితాలో నేనే వదిలేశాను.

గుమ్మంలో కూర్చున్న పెద్ద సుక్ర నవ్వాడు. "ఏటి బాబూ, నలుగుర్నీ ఒక్కడ్ని సేసేసినావా? మా పెళ్లాలందరూ ఒక్కడికే కూడొండాలేటి?"

ప్రోగ్రామర్ నవ్వలేదు. తల్లి పేరుకో గడి చేర్చాడు. నేను చదువుతుంటే బేగి బేగి ఎక్కించాడు.

"అయిందా?" అన్నాను.

ఈసారి ఆ మాట అనలేదు. ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, "మీరోసారి లెక్కెట్టండి మాస్టారూ" అన్నాడు.

వేలు పెట్టి ఒక్కొక్కరినే లెక్కపెట్టాను. రెండు వందల పన్నెండు. ఆరింటికి ఇంకా పావుగంట ఉంది. సరిపోయిందని నేను అనేదాకా ఆయన తుడుచుకోడానికి కళ్లద్దాలు తియ్యలేదు.