దొంగ అమ్మోరు

మొన్న శ్రీరామనవమికి నెల్లిమర్లలో మేముండే వీధి చివర పందిరి వేసి, పెద్ద స్టీలు డ్రమ్ములో పానకం కలిపి, కాగితం గ్లాసులతో పంచారు. ఎండకు నాలుక పిడచకట్టుకుపోయి ఉన్నాను. గ్లాసు మూతి దగ్గరికి తీసుకున్నానో లేదో బెల్లం, మిరియాలు, యాలకుల పొడి కలిసిన ఆ వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. పక్కనే ఉన్న మా అమ్మాయి మాటా పలుకూ లేకుండా గ్లాసు నా చేతిలోంచి తీసుకుని తనే గటగటా తాగేసింది. ఇంటర్ చదువుతోంది. రెండేళ్ళ కిందట నాకు షుగరని తేలిన దగ్గర్నుంచీ నా నోటికి అదే కాపలా. నాకు కోపం రాలేదు. పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాను. నా పదకొండో ఏట నేనూ ఒకరి నోటి దగ్గర్నుంచి ఇలాగే పానకం తప్పించాను.

మాది శ్రీకూర్మానికి దగ్గర్లో సముద్రం ఒడ్డున పల్లె. ఇంటికీ నీటికీ మధ్య ఉన్నదంతా ఇసకే, ఆ ఇసక మీద ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఎండుతూ ఉండేది: చలికాలంలో నెత్తళ్ళ చేపలు, ఎండాకాలంలో వలలు, మిగతా రోజుల్లో మేము. ఆ ఇసకలోనే గచ్చకాయలాడేవాళ్ళం, గవ్వలాడేవాళ్ళం, కాకులు చేపల మీద వాలకుండా కర్ర పట్టుకుని కూర్చుని కునుకు తీసి తిట్లు తినేవాళ్ళం. వేసవిలో వేట ఆపిన రోజుల్లో మగవాళ్ళు పాక నీడన వలలు బాగుచేసుకుంటూ ఉంటే, ఆడవాళ్ళు చోడి అంబలి, అంటే రాగి జావ, కాచి, అందులోకి కాల్చిన ఉప్పు చేప పెట్టేవారు. తాటి ముంజెలు గెలలు గెలలుగా వచ్చేవి. వేలితో ముంజె కంట్లో పొడిచి నీళ్ళు జుర్రుకుంటే గౌను మీద పడ్డ మరక ఆ వేసవంతా పోయేది కాదు, దానికి మళ్ళీ వేరే తిట్లు.

ఆ తిట్లలో సగానికి పైగా మా మామ్మవి. మామ్మంటే మా నాన్నను కన్నతల్లి. పొట్టి మనిషి, గట్టి మనిషి. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది, అలా తాగుతూనే మాట్లాడేది, అలా మాట్లాడుతూనే ఊరంతటినీ అదుపులో పెట్టేది. వారానికి రెండు సార్లు ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని తొలి బస్సుకు ఆమదాలవలస వెళ్ళి, మధ్యాహ్నానికి ఖాళీ గంపతో దిగేది. ఖాళీ అంటే చేపలు ఖాళీ. అడుగున కాగితం పొట్లంలో ఖాజాలో, నువ్వుల జీళ్ళో, బెల్లం మిఠాయో తప్పకుండా ఉండేవి, వాటికి చేపల వాసన పట్టి ఉండేది. ఆ వాసన లేని ఖాజా ఇప్పటికీ నాకు చప్పగానే అనిపిస్తుంది.

నాకు పదేళ్ళప్పుడు ఆవిడ కాలికి పుండు పడి ఎంతకీ మానకపోతే శ్రీకాకుళం తీసుకువెళ్ళారు, అక్కడ షుగరని తేలింది. అప్పట్నుంచి పక్క ఊరి కాంపౌండరు రోజూ పొద్దున్నే సైకిలు మీద వచ్చి ఇన్సులిన్ సూది వేసేవాడు. ఫ్రిజ్ అన్నది లేని ఊరు కనక మందు సీసాను గుడ్డలో చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి, తడి ఇసకలో ఉన్న మట్టి కుండలో దాచేవాళ్ళం. తీపి విషం, సూది మానకూడదు అని కాంపౌండరు ఒకటికి పదిసార్లు చెప్పాడు. మా అమ్మ పొద్దు పొడిచింది మొదలు చేపల పనిలో ఉంటుంది, నాన్న సముద్రం మీద ఉంటాడు. అందుకని ఆ రెండు పనులూ నాకు అప్పగించారు.

"మీ మామ్మ నోట్లోకి తీపన్నది ఎల్లకూడదు. నువ్వే సూసుకోవాల. ఎల్లిందంటే మామ్మ మనకుండదు" అంది అమ్మ.

ఆ మాట నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. మామ్మ ప్రాణం నా చేతిలో ఉందని బడిలో కూడా చెప్పుకున్నాను. బస్సు దిగగానే గంప వెతికేదాన్ని, కొంగు ముడులు విప్పించేదాన్ని, చుట్టల డబ్బా మూత తీసి వాసన చూసేదాన్ని. ఆవిడా తక్కువది కాదు. ఎండు చేపల దొంతరలో జీళ్ళు దూర్చేది, పక్కింట్లో దాచుకునేది, దొరికిపోతే మా ఇంట్లో పోలీసు గుంట పుట్టిందని వీధంతా వినేలా వాపోయేది. ఆ వాపోవడంలో బోలెడంత మురిపెం ఉండేదని అప్పుడే తెలుసు నాకు.

ఇంకో సంగతి చెప్పకపోతే తరవాతిది అర్థం కాదు. వేట మళ్ళీ మొదలుపెట్టే ముందు మా ఊళ్ళో గంగమ్మ పండుగ చేసేవారు. ఒడ్డున వేపమండలతో పందిరి, పసుపు రాసిన పడవలు, చలిమిడి, వడపప్పు, కుండ నిండా పానకం. ఆడవాళ్ళు ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి అక్కడికి చేరేసరికి డప్పుల మోతలో మామ్మ మీదికి అమ్మోరు వచ్చేది. ఊగేది, జుట్టు విరబోసుకునేది, గొంతు మారిపోయేది. ఊరి పెద్ద దండం పెట్టి వేట సంగతి అడిగేవాడు, ఆవిడ చెప్పేది. అప్పుడు ఆవిడ మా మామ్మ కాదు. అది నిజం అమ్మోరు, నాకు భయం.

దొంగ అమ్మోరు వేరే. ఒక వాన మధ్యాహ్నం జీడి పొట్లంతో పట్టుబడిపోయి, నేను లాక్కుంటూ ఉంటే మామ్మ హఠాత్తుగా కళ్ళు తేలవేసి ఊగడం మొదలుపెట్టింది.

"ఓలె గుంటా, నాను గంగమ్మనొచ్చినాను. నాకు జీడి ముక్కెట్టు. ఎట్టకపోతే మీ పడవలు ముంచేస్తాను."

నేను ముందు హడలిపోయాను. ఆవిడ ఒక కన్ను కాస్త తెరిచి నన్ను చూసి ఫక్కున నవ్వేసింది. కడుపు పట్టుకుని ఇద్దరం నవ్వాం. లంచంగా గోరంత ముక్క పెట్టాను కూడా. ఆ తరవాత తీపి మీదికి మనసు పోయినప్పుడల్లా దొంగ అమ్మోరు వచ్చేది, నేను పంపేసేదాన్ని. మా ఇద్దరి మధ్యా అదొక ఆట అయిపోయింది.

నా పదకొండో ఏట పండుగనాడు పొద్దున్నే కాంపౌండరు వచ్చేసరికి మామ్మ తలంటుకుని పసుపు చీర కట్టుకుని ఉంది. ఘటం ఎత్తేవాళ్ళు నైవేద్యం అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు.

"ఈయేల ఒద్దులేయే. ఒక్కపొద్దున్నాను, రేపేయించుకుంతాను" అంది నాతో.

నేనొప్పుకుంటేనా. సూది మానకూడదని కాంపౌండరు చెప్పలేదా అని నిలదీశాను. నేనే కుండలోంచి సీసా తీసుకొచ్చి, నేనే ఆవిడ జబ్బ పట్టుకున్నాను. ఒక్కపొద్దు మాట ఆవిడ ఆయనకు చెప్పలేదు, ఆయన అడగలేదు, ఊళ్ళు తిరగాలన్న హడావిడిలో పొడిచేసి వెళ్ళిపోయాడు. నా కాపలాకు దండం పెట్టాలని మామ్మ విసుక్కుంటూనే నా బుగ్గ గిల్లింది.

ఎండ ముదిరేవరకూ ఘటాలు తిరిగాయి. ఒడ్డుకు చేరేసరికి మామ్మ ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, అడుగు తడబడుతోంది. ఘటం దించుతూనే ఊగింది. అమ్మోరొచ్చిందని డప్పుల వాళ్ళు జోరు పెంచారు, ఆడవాళ్ళు వేపమండలు తెచ్చారు. ఊరి పెద్ద చేతులు జోడించి ఈ ఏడు వేట ఎలా ఉంటుందని అడిగాడు.

"బస్సెల్లిపోతన్నాది" అంది మామ్మ ముద్దముద్దగా. "నా గంపెత్తండి. బస్సెల్లిపోతన్నాది."

పెద్దలు ముఖముఖాలు చూసుకున్నారు. వేటకు ముందుగా బయలుదేరమని అమ్మోరి ఆజ్ఞ అని ఒకాయన అర్థం చెప్పాడు. అంతలో ఆవిడ పానకం కుండ కేసి చేయి చాపి, బెల్లం, బెల్లం అని అడిగింది. ఊరి పెద్ద పరుగున వెళ్ళి ఇత్తడి గ్లాసుతో ముంచి ఆవిడ పెదవుల దాకా తెచ్చాడు.

సరిగ్గా అప్పుడు నాకు కోపం ముంచుకొచ్చింది. ఇంతమందిలో, అమ్మవారి ఎదుట, దొంగ అమ్మోరు వేషం వేస్తోంది మామ్మ, అదీ పానకం కోసం. గుంపులోంచి దూసుకెళ్ళి గ్లాసును చేత్తో కొట్టాను. పానకమంతా ఇసకలో పోయింది.

"మామ్మకి సుగరు. తీపెట్టకూడదు. దొంగేసాలేస్తన్నాది" అని అరిచాను.

మామ్మ నా వైపు చూసింది.

"ఎవులే నువ్వు?" అంది.

అది కూడా వేషమే అనుకున్నాను. ఒక కన్ను తెరిచి నవ్వుతుందని ఆవిడ ముఖం కేసే చూస్తూ నిలబడ్డాను. ఊరి పెద్ద రెండో గ్లాసు ముంచబోతే అమ్మ వచ్చి అడ్డం పడింది, డాక్టరు తీపి వద్దన్నాడని, ప్రాణానికే ముప్పని బతిమాలింది. సరే, తల్లిని చల్లబరచాలని పసుపునీళ్ళు పోశారు, వేపాకు రుద్దారు, సాంబ్రాణి వేశారు, డప్పు ఇంకా కొట్టారు. నాకు తెలిసినవి నిజం అమ్మోరూ దొంగ అమ్మోరూ, రెండే. ఊళ్ళో వాళ్ళు మొదటిది అనుకున్నారు, నేను రెండోది అనుకున్నాను. అక్కడున్న అంతమందిలో ఒక్కరమూ ఇది జబ్బు అనుకోలేదు. తీపి ఎక్కువైతే ప్రాణం పోతుందని చెప్పారు గానీ, సూది వేసుకుని తిండి తినకపోతే ఒంట్లో తీపి అడుగంటిపోయి మనిషి చెమట పట్టి, వణికి, తికమకగా మాట్లాడి పడిపోతుందని మాకెవరూ చెప్పలేదు.

మామ్మ పడిపోయింది. పళ్ళు బిగుసుకుని కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ ఉంటే డప్పులు ఆగాయి. కాంపౌండరు కోసం మనిషిని పంపితే ఆయన ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియలేదు. ఎవరో పానకం నోట్లో పోయబోతే అది దిగక చెంపల మీంచి కారిపోయింది, ఊపిరి గురగురమంది. చివరికి ఆటోలో నాన్న ఒళ్ళో పడుకోబెట్టుకుని శ్రీకాకుళం బయలుదేరారు. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. దారి పొడుగునా ఆవిడ పాదాలు నా చేతుల్లో చల్లగా ఉన్నాయి. దొంగ అమ్మోరా, చాలు, లెమ్మని మనసులో ఎన్నిసార్లు అన్నానో. నేను చెయ్యగలిగింది ఇంకేమీ లేదు.

ఆసుపత్రిలో వేలు పొడిచి చూసి, డాక్టరు పరుగెత్తి నరంలోకి గ్లూకోజు ఎక్కించాడు. మామ్మ బతికింది. బతికింది గానీ, మెదడు చాలాసేపు తీపి లేక మాడిపోయిందట, పోయింది తిరిగి రాదట. కూర్చోబెడితే కూర్చుంటుంది, తినిపిస్తే మింగుతుంది, అంతే. పడిపోక ముందే ఆ గ్లాసెడు పానకం తాగి ఉంటే లేచి కూర్చునేదమ్మా అన్నాడు డాక్టరు, తప్పు పట్టాలని కాదు, మామూలుగానే. ఊరికి తిరిగొస్తే, అమ్మోరు నోరు తెరిచి అడిగిన పానకం తాగనిచ్చి ఉంటే ఇలా అయ్యేది కాదని ఊరి పెద్ద అన్నాడు. చదువుకున్నాయనా చదువుకోనాయనా ఒక్క మాటే చెప్పారు. ఇక నేను ఎవరి దగ్గరికి వెళ్ళి కాదనిపించుకోను?

నేను అన్నం మానేసి మూలన కూర్చుంటే అమ్మ వచ్చి నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

"నువ్వేటి సేస్తావే. నానే గదా నిన్ను కాపలా ఎట్టినాను" అంది.

మామ్మ తరవాత నాలుగేళ్ళుంది. డాక్టరు అప్పుడప్పుడు కాస్త తీపి పెట్టినా ఫరవాలేదన్నాడు. బడి నుంచి రాగానే చిన్న బెల్లం ముక్క ఆవిడ నాలుక మీద పెట్టేదాన్ని. ఆవిడ దాన్ని చప్పరించేది కాదు. అది అలాగే కరిగి పెదవి చివర్న కారేది, నేను తుడిచేదాన్ని. కళ్ళు తేలవేసి ఊగమని, పడవలు ముంచేస్తానని బెదిరించమని చెవిలో చెప్పేదాన్ని, నేనే ఊగి చూపించేదాన్ని కూడా. ఒక్కసారీ నవ్వలేదు.

ఇప్పుడు ఆ ఊళ్ళో మట్టి కుండలో మందు దాచేవాళ్ళు లేరు. అడ్డపొగ తాగే ముసలమ్మలు లేరు, గంప నెత్తినెత్తుకుని తొలి బస్సెక్కేవాళ్ళూ లేరు, చేపలు ఐసు పెట్టెల్లో వ్యాన్లెక్కి పోతున్నాయి. గంగమ్మ పండుగ మైకులతో ఘనంగానే చేస్తున్నారు గానీ మా ఇంటి ఆడవాళ్ళెవరి మీదికీ అమ్మోరు మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది. నా హ్యాండ్ బ్యాగులో వేలు పొడిచి చూసుకునే యంత్రం, దాని పక్కన బెల్లం ముక్కల పొట్లం ఉంటాయి.

పందిరి గుంజ దగ్గర్నుంచి ఇంటికొచ్చాక మా అమ్మాయిని కూర్చోబెట్టి ఇదంతా మొదటిసారి చెప్పాను. మామూలుగా ఉన్నప్పుడు తీపి లాక్కో, నేనేమీ అనను అన్నాను. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకు, ఫోన్ చెయ్యి. కానీ స్పృహలో ఉండి, చెమటలు పట్టి, పిచ్చిగా మాట్లాడుతూ, నిన్ను గుర్తుపట్టకుండా తీపి అడిగానంటే మాత్రం ఆలోచించకు. అది షుగరు ఎక్కువై అయినా సరే, ఒక గ్లాసుతో పెరిగింది తరవాత దించుకోవచ్చు.

ఖాళీ కాగితం గ్లాసు ఇంకా మా అమ్మాయి చేతిలోనే ఉంది.

"నువ్వు నాటకమాడుతున్నావో నిజమో నాకెలా తెలుస్తాదమ్మా?" అంది.

"తెలీదే. తెలీకపోయినా ఇచ్చెయ్" అన్నాను.